రెండు రైళ్ల మధ్య రాత్రి: స్టేషన్లో గడపాలా, గది తీసుకోవాలా?

మొదటి రైలు రాత్రి పదకొండుకు దింపుతుంది. ఎక్కవలసిన రెండోది తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరుతుంది. నడుమ ఆరున్నర గంటలు. ఆ కాసేపటికి గదికి డబ్బు పోయడం ఎందుకు, స్టేషన్లోనే ఓ కుర్చీ చూసుకుని కునుకు తీస్తే సరిపోదా అనిపించడం సహజం. సరిపోతుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ స్టేషను రాత్రంతా తెరిచే ఉంటుందా?

రాత్రింబవళ్లు జనం తిరిగే జంక్షన్లకు అలవాటుపడినవారికి, స్టేషనుకు తాళం వేస్తారన్న ఆలోచనే రాదు. వేస్తారు. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్‌ను రాత్రి 2 నుంచి 5:15 దాకా మూసి ఉంచుతారు. అదే నగరంలోని పెన్ స్టేషన్ నుంచి లాంగ్ ఐలాండ్ రైళ్లు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. జపాన్‌లో చివరి రైలు వెళ్లిపోయాక మామూలుగా ప్రయాణికులను బయటికి పంపి షట్టర్లు దించుతారు. అక్కడి షింకన్‌సెన్ (బుల్లెట్) రైళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా అసలు తిరగవు. పట్టాల తనిఖీ, మరమ్మతులు ఆ వేళలోనే జరుగుతాయి. అలాంటి చోట స్టేషన్లో రాత్రి గడపడం మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడే విషయమే కాదు. స్టేషను తెరిచి ఉన్నా వెయిటింగ్ హాలు మూసి ఉండవచ్చు. వెయిటింగ్ హాలు తెరిచి ఉన్నా సామాను దాచే గది మూసి ఉండవచ్చు. ఈ మూడింటి వేళలూ వేర్వేరని గుర్తుంచుకుని మూడింటినీ విడివిడిగా కనుక్కోవాలి.

ఇక తెరిచి ఉండే స్టేషన్ల మాట. అద్దెను మాత్రమే చూస్తే తీర్పు ఎప్పుడూ కుర్చీకే పోతుంది, ఎందుకంటే కుర్చీ ఉచితం. నేను వేసే లెక్క వేరు: చేతికి దక్కే నిద్ర ఎంత? ఆరున్నర గంటల విరామంలో రైలు దిగి, బయటపడి, లాడ్జికి చేరి, గుర్తింపు కార్డు చూపి, తాళంచెవి అందుకుని, ముఖం కడుక్కుని నడుం వాల్చేసరికి గంట పోతుంది. పొద్దున లేచి, సర్దుకుని, రైలు కంటే ముందే ప్లాట్‌ఫాం మీదికి రావడానికి ఇంకో గంట. మిగిలేది నాలుగున్నర గంటలు. తేలిక నిద్ర నుంచి గాఢ నిద్రకు, కలల దశకు సాగే ఒక నిద్ర చక్రం సుమారు గంటన్నర ఉంటుంది కనుక మూడు చక్రాలు పూర్తవుతాయి. మర్నాడు మనిషిలా మసలడానికి అది చాలు. అదే విరామం నాలుగు గంటలే అయితే దక్కేది రెండు గంటలు. పైగా గాఢ నిద్రలో ఉండగా అలారం మోగితే ఆ మత్తు వదలడానికే అరగంట దాకా పట్టవచ్చు. రెండు గంటల నిద్రకు రాత్రంతటి అద్దె కట్టి, అర్ధరాత్రి వీధుల్లో రెండుసార్లు సామాను మోయడం నా దృష్టిలో దండగ.

కుర్చీ ఏమిస్తుందో కూడా నిజాయతీగా చూడాలి. నిద్ర ముదిరేకొద్దీ మెడ కండరాలు పట్టు వదులుతాయి; కలలు వచ్చే దశలో దాదాపు పూర్తిగా వదిలేస్తాయి. తల వాలుతుంది, మెలకువ వస్తుంది, కథ మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి కూర్చుని నిద్రపోయే మనిషి రాత్రంతా పైపై నిద్రలోనే ఉంటాడు. వరుస కుర్చీల మీద అడ్డంగా పడుకుందామంటే చాలా స్టేషన్లలో మధ్యమధ్య చేతి ఆనికలు బిగించి ఉంటాయి. ఎవరూ పడుకోకూడదనే వాటిని అలా పెడతారు. దీనికి తోడు చోటు కొత్త. కొత్త చోట మొదటి రాత్రి గాఢ నిద్రలో కూడా మెదడులో ఎడమ సగం కుడి సగం కంటే అప్రమత్తంగా ఉంటుందని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించారు. అది ప్రయోగశాలలో, దీపాలార్పిన గదిలో పడుకున్నవారి సంగతి. నిమిషానికోసారి ప్రకటన వినిపించే హాల్లో ఆ సగం ఇంకెంత మేలుకుని ఉంటుందో చెప్పనక్కరలేదు.

చలి మరొకటి. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తం మీద అతి తక్కువకు పడిపోతుంది. వేసవిలో కూడా రాతి నేల, ఇనుప కుర్చీ అప్పుడే కొరుకుతాయి. స్టేషన్లో గడపదలచినవారు దుప్పటిని పెట్టె అడుగున కాకుండా పైనే సర్దుకోవాలి. చోటు ఎంచుకునేటప్పుడు మూల వెతుక్కోవద్దు. సిబ్బంది కూర్చున్న కౌంటరు కనిపించే చోట, వెలుతురులో కూర్చోవాలి. వెలుతురుకు కళ్ల మీద గుడ్డ కట్టుకోవచ్చు గానీ, సామాను పోతే కట్టుకునేదేమీ లేదు. సంచి పట్టీని కాలికో చేతికో చుట్టుకోవాలి. టికెట్టు ఫోన్లోనే ఉన్నవారు ఛార్జింగు అయిపోతే టికెట్టు చూపించలేక హాల్లోంచి కూడా లేచి పోవలసి రావచ్చు, కాబట్టి దాని నకలు కాగితం మీద ఉంచుకోవడం మేలు.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉంది. నన్నడిగితే అన్నింటికంటే మేలైనది అదే: స్టేషను ఆవరణలోనే దొరికే పడక. భారతీయ రైల్వేలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. ముంబయి సెంట్రల్‌లో 2021 నవంబరులో పాడ్ గదులు కూడా మొదలయ్యాయి. రష్యాలోని పెద్ద స్టేషన్లలోనూ విశ్రాంతి గదులు కనిపిస్తాయి. పాడ్ గదులకు మూలమైన క్యాప్సూల్ హోటల్ 1979లో ఒసాకాలో పుట్టింది, దాని రూపశిల్పి కిషో కురొకావా. మనిషి పడుకునేంత చోటు, ఒక దీపం, ఒక తెర: రైలు మారేవాడికి నిజంగా కావలసింది అంతే. స్టేషన్లోనే ఉండే పడకకు పోను రాను పోయే సమయం దాదాపు ఉండదు. లాడ్జితో నాలుగు గంటల విరామంలో రెండు గంటల నిద్ర దక్కితే, ఇక్కడ మూడుకు పైగా దక్కుతుంది. చిక్కల్లా అవి దొరకడమే. గదులు తక్కువ, ముందే నిండిపోతాయి. భారతీయ రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీలైతే పీఎన్ఆర్ ఉన్నవారికే ఇస్తారు, చాలాచోట్ల కనీసం 12 గంటల లెక్కన ఇస్తారు. ఆరు గంటలకు పన్నెండు గంటల అద్దె అని గొణుక్కునేవారికి నా జవాబు: లాడ్జివాడు ఇరవై నాలుగు గంటల అద్దె తీసుకుంటాడు.

అయితే గంటలు చూసి మాత్రమే తేల్చలేం. ఒంటరిగా, తేలిక సామానుతో ఉన్న పాతికేళ్లవాడికి అయిదు గంటల కుర్చీ పెద్ద కష్టం కాదు. పసిపిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే మూడు గంటలు దాటిన దేనికైనా పడకే చూడాలి. మర్నాడు పరీక్షో ఇంటర్వ్యూనో ఉన్నవారిది కూడా అదే దారి. రైలు దిగాక కారు నడపవలసినవారికైతే కుర్చీ మాటే వద్దు. నిద్రలేని చేతుల్లో స్టీరింగు ఉంటే ప్రమాదం నడిపేవాడితోనే ఆగదు.

కుర్చీయా పడకా అని రాత్రి పదకొండుకు తేల్చుకోవడం కంటే, టికెట్టు తీసుకునేనాడే ఏ స్టేషన్లో ఆగాలో తేల్చుకోవడం వల్ల ఎక్కువ మేలు. దూర ప్రయాణాల్లో రైలు మారడానికి సాధారణంగా ఒకటికి రెండు చోట్లుంటాయి. సమయ పట్టిక చూపే మొదటి మార్గం మిమ్మల్ని ఏ చిన్న జంక్షన్లోనో దింపితే, ఒక గంట ముందో వెనకో ఉన్న పెద్ద స్టేషన్లో మారే వీలుందేమో చూడండి. పగటి ప్రయాణాన్ని కుదించి రాత్రి రైల్లో బెర్తు దొరికించుకోగలిగితే అసలీ విరామమే ఉండదు. బెర్తులో నడుం వాల్చవచ్చు, సామాను దగ్గరే ఉంటుంది, నిద్రపోతూనే దూరం తరుగుతుంది.

కోరి ఆగడం వేరు, ఆగిపోవడం వేరు. ఐరోపా సమాఖ్యలో 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన ప్రకారం, ఆలస్యం వల్లో రద్దు వల్లో రాత్రి ఆగిపోవలసి వస్తే, వీలున్న చోట బస ఏర్పాటు చేయవలసింది రైలు సంస్థే. రెండు రైళ్లకూ కలిపి ఒకే టికెట్టుంటే కనెక్షన్ తప్పిన సందర్భానికీ ఆ రక్షణ వర్తిస్తుంది. విడివిడిగా కొంటే రెండో రైలు తప్పడం మన ఖర్మ కిందికే వస్తుంది. మనమే ఎంచుకున్న రాత్రి విరామానికి మాత్రం ఎవరూ గది ఇవ్వరు. ఐరోపాలో ఇంకో తిరకాసు కూడా ఉంది. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు కనుక, ఆ రాత్రి అక్కడ ఆగినవారి విరామం పట్టికలో కనిపించే దానికంటే గంట ఎక్కువ.

గది తీసుకోవాలని తేలితే తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తెల్లవారితే 12వ తేదీ అనగా, రాత్రి 12:40కి దిగేవారు 12వ తేదీకి గది బుక్ చేస్తే, అది ఆ మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది. అప్పటికి వారి రెండో రైలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. బుక్ చేయవలసింది 11వ తేదీ రాత్రికి. అర్ధరాత్రి దాటాక వస్తామని లాడ్జికి ముందే ఫోను చేసి చెప్పాలి, లేకపోతే రాలేదనుకుని గదిని ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదముంది.