అడవివరం చుట్టుపక్కల తేలిక నడకలు: ఏళ్లుగా నడిచాక నా అభిప్రాయం

మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లని వెంటబెట్టుకుని విశాఖలో ఎక్కడ నడిస్తే బాగుంటుందని అడగండి, పది మందిలో తొమ్మిది మంది బీచ్ రోడ్డు పేరే చెబుతారు. నిజమే, తెల్లవారుజామున ఆర్కే బీచ్ వైపు బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. కానీ మేముండేది సింహాచలం కొండ కింద, అడవివరంలో. బీచ్‌కి వెళ్లి రావడానికే బోలెడు టైమ్ పోతుంది. ఎండెక్కితే అక్కడ నిలబడడానికి నీడ కూడా దొరకదు. మా అత్తయ్యకి డాక్టరు "రోజూ నడవండి గానీ మెట్లూ ఎత్తులూ వద్దు" అని చెప్పినప్పటి నుంచి మేం దగ్గర్లో ఉన్న దారులే పట్టుకున్నాం. చెరువు పక్కన కొంత, అడవి అంచున కొంత, ఆడపడుచు వాళ్ల ఊరెళ్లినప్పుడు కాలువ గట్టున కొంత. కొండలెక్కేవాళ్లకి ఈ సమీక్ష పెద్దగా పనికిరాదు. వయసు మళ్లినవాళ్లకీ, చిన్నపిల్లల తల్లులకీ, ఆపరేషన్ అయ్యి కోలుకుంటున్నవాళ్లకీ తప్పకుండా పనికొస్తుంది.

నేను దారిని మెచ్చుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉందని చూడను. నీడ ఎంత ఉంది, కాలి కింద నేల ఎలా ఉంది, మధ్యలో మోకాలు పట్టేస్తే ఇంటికెలా చేరతాం, ఈ మూడే చూస్తాను. ఆ లెక్కన మా అందరికీ మొదటి స్థానం ముడసర్లోవదే.

అడవివరం నుంచి హనుమంతవాక వెళ్లే రోడ్డు మీద, ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క కంబాలకొండ అడవి, మధ్యలో లోయ. ఆ లోయలోనే ముడసర్లోవ రిజర్వాయరు, దాన్ని ఆనుకుని పార్కు. నగరానికి తాగునీళ్లిస్తూ వచ్చిన పాత చెరువుల్లో ఇదొకటి. 2018లో ఈ నీళ్ల మీద తేలే సోలార్ పలకలు పరిచారు, 2 మెగావాట్ల ప్లాంటు. అవి వస్తే చెరువు అందం పోతుందని అప్పట్లో మా వీధిలో చాలామంది బాధపడ్డారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. పొద్దున్నే చూడండి, నీటికాకులు ఆ పలకల అంచున వరసగా నిలబడి రెక్కలు రెండూ బార్లా చాపి ఆరబెట్టుకుంటుంటాయి. నీళ్లలో మునిగి చేపలు పట్టే పిట్ట కాబట్టి దాని ఈకలు తడిసిపోతాయి, ఎండలో ఆరితే గానీ మళ్లీ సరిగ్గా ఎగరలేదు. ఒక్కోటి అలా ఎంతసేపు నిలబడుతుందో చూడడమే మా అత్తయ్యకి పొద్దున పూట పని. లకుముకి పిట్ట తీగ మీద నుంచి నీళ్లలోకి దూకి, నోట్లో చేపతో పైకి లేవడం కూడా ఇక్కడే దగ్గర్నుంచి చూశాం.

పార్కులో దారులు చదునుగా ఉంటాయి. చెట్లు పెద్దవి. కూర్చోవాలంటే అక్కడక్కడా చోటుంది, ఇంకాస్త దగ్గర దగ్గరగా బెంచీలు ఉంటే పెద్దవాళ్లకి ఎంతో మేలు. గట్టు మీదికి మాత్రం కాపలావాళ్లు ఒక్కోసారి వెళ్లనివ్వరు. తాగే నీళ్లు కదా, వాళ్ల మాట వినాల్సిందే. అలాంటి రోజు పార్కు లోపలే రెండు చుట్లు వేసుకుంటే సరిపోతుంది. అన్నిటికన్నా నాకు నచ్చిన విషయం, రోడ్డు పక్కనే ఉండడం. సింహాచలం వైపు బస్సులు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. అత్తయ్యకి కాలు సహకరించని రోజున చెయ్యెత్తితే చాలు, ఇంటికి చేరిపోతాం. ఈ ధైర్యం లేకపోతే ఆవిడ ఇన్నేళ్లు నడక కొనసాగించేవారే కాదని నా గట్టి నమ్మకం.

రోజూ వెళ్తే మనుషులూ దగ్గరవుతారు. వేసవిలో గేటు బయట ముంజెలు అమ్మే ఒకావిడ, నేను ఒక్కదాన్నే వెళ్తే ఊరుకోదు.

"ఏటమ్మా, పెద్దమ్మగారు రానేదు ఇయ్యాల?"

"మోకాలు పట్టేసిందమ్మా. రేపు తీసుకొస్తాలే."

"తీసుకురా, నేత ముంజెలు దాసిపెడతాను."

మర్నాడు నిజంగానే దాచిపెడుతుంది. చలువ చేస్తుందని అత్తయ్య వాటిని అక్కడే తింటారు.

ఈ రోడ్డుతో అత్తయ్యకి ఇంకో బంధం ఉంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరిప్రదక్షిణ ఈ దారినే వెళ్తుంది. కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక, అక్కణ్నుంచి సముద్రం ఒడ్డు, మాధవధార వైపు నుంచి తిరిగి కొండ కిందికి, మొత్తం సుమారు 32 కిలోమీటర్లు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ చెప్పుల్లేకుండా పూర్తి చేసేవారట. ఇప్పుడు ఆ దారిలో ఈ కొద్ది ముక్క నడుస్తున్నా ఆవిడ ముఖంలో అదే తృప్తి. ప్రదక్షిణ రోజున మాత్రం మామూలు నడకకి ఇటు రాకండి, లక్షల మంది వస్తారు.

ఇక కంబాలకొండ. ఎకో పార్కు గేటు హనుమంతవాక దాటాక జాతీయ రహదారి మీదే ఉంటుంది, టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాలి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల చేతిలో ఉన్న అడవి ఇది. 1970 నుంచి అటవీశాఖ చూస్తోంది. మొత్తం 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, నగరం పొట్టలో ఇంత అడవి ఉండడం మన అదృష్టం. మనం నడిచేది అందులో కొసరంత. గేటు నుంచి పడవలు తిప్పే చెరువు దాకా దారి వెడల్పుగా ఉంటుంది, నీడ దట్టంగా ఉంటుంది. అక్కడక్కడా కొంచెం ఎత్తుపల్లాలున్నా, ఆగి ఆగి వెళ్తే అత్తయ్యలాంటి వాళ్లకీ ఇబ్బంది లేదు. చెరువు దాటిన తర్వాత కొండ వైపు వెళ్లే కాలిబాటలు రాళ్లూ వేళ్లూ, అవి తేలిక నడక కిందకి రావు.

వానాకాలం చివర్లో వెళ్తే చెట్టుకీ చెట్టుకీ మధ్య పెద్ద సాలీళ్లు గూళ్లు కట్టి ఉంటాయి. అరచేయంత సాలీడు, నల్లటి ఒళ్లు, పసుపు గీతలు. పొద్దుటి ఎండ పడినప్పుడు పక్కకి వంగి చూడండి, దారాలు తెల్లగా కాకుండా బంగారు రంగులో మెరుస్తాయి. కర్రతో పీకేయకండి, దానివల్ల మనకేం హాని లేదు, తల వంచుకుని వెళ్తే సరిపోతుంది. భయపడాల్సింది ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల గురించి. కొమ్మ కదిపితే మెడ మీద పడి కుడతాయి. చిరుతలున్న అడవి కాబట్టి సాయంత్రం టైమ్ అయిపోయాక లోపల ఉండొద్దు, ఒంటరిగా వెళ్లొద్దు. వాచర్లు పిలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ అడవిని చూసినవాళ్లకి ఇప్పటి పచ్చదనం విలువ తెలుస్తుంది. అప్పుడు కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉండేవి, ఆకన్నది లేదు. మానులు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత మోడుల నుంచే చిగుళ్లు వచ్చాయి, ఖాళీల్లో ముందు తీగలూ కంపలూ అల్లుకున్నాయి, వాటి మధ్య నుంచి మొక్కలు లేచాయి. ఏటేటా ఆ తేడా చూడడానికైనా నేను వెళ్తుంటాను. విరిగిన కాండం పక్కనుంచి కొత్త కొమ్మలు పొడుచుకొచ్చిన చెట్లు దారి పొడవునా ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు.

కంబాలకొండకి రోడ్డు అవతల జూ ఉంది. 1977లో తెరిచారు, 600 ఎకరాల పైమాటే. జంతువుల కోసమే కాకుండా నడక కోసం కూడా వెళ్లొచ్చు, రోడ్లు నున్నగా ఉంటాయి, అలిసిపోతే బ్యాటరీ బండి దొరుకుతుంది. సోమవారం సెలవు. ఆదివారం పిల్లల గోలలో నడవలేం.

కాలువ గట్టు నడక గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అది రోజూ వెళ్లేది కాదు. మా ఆడపడుచు వాళ్లది అనకాపల్లి వైపు పల్లె. వాళ్ల ఊరి పక్కనుంచే ఏలేరు కాలువ వెళ్తుంది. ఏలేశ్వరం దగ్గరి రిజర్వాయరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి స్టీల్ ప్లాంటుకీ, నగరానికీ నీళ్లు తెచ్చే కాలువ ఇది. మన కుళాయిలో నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో ఆ గట్టు మీద నిలబడితే గానీ మనసుకి పట్టదు. గట్టు మీద మట్టిదారి చదునుగా ఉంటుంది, మోకాళ్లకి సిమెంటు రోడ్డు కన్నా మట్టే హాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చెరకు తోటలు, తాటిచెట్ల వరస. సంక్రాంతి రోజుల్లో వెళ్తే బెల్లం వండే వాసన దూరం నుంచే వస్తుంది. చెరకు పిప్పి మంట మీద వెడల్పాటి పెనంలో రసం తుకతుక ఉడుకుతుంటే, తెట్టు తీస్తూ ఒకాయన నిలబడి ఉంటాడు. అడిగితే పాకం కాస్త ఆకులో పోసి ఇస్తాడు. షుగర్ ఉన్నా అత్తయ్య ఆ ఒక్క రోజూ నాలిక మీద వేసుకుంటారు, నేను కాదనను.

నీడ లేకపోవడమే దీని లోపం. తాటిచెట్టు నీడ ఎవరికీ చాలదు. పొద్దున ఏడు లోపు నడక ముగించేయాలి. పిల్లల్ని తీసుకెళ్తే చేయి వదలకండి. కాలువకి సిమెంటు లైనింగ్ వేసిన చోట వాలు నిటారుగా ఉంటుంది, నాచు పట్టి జారుతుంది, దిగినవాళ్లు పట్టు దొరక్క పైకి రాలేరు. నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగుడు ఎక్కువ. కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు. ఈ మాట నేను అక్కడ కనిపించిన ప్రతి కుర్రాడికీ చెబుతుంటాను.

కొన్నాళ్లు నన్ను బాగా బాధపెట్టిన విషయం ఒకటుంది. మేం రోజూ నడిచే దారిలో ఏదో పని కోసం తవ్విన గుంతని నెలల తరబడి పూడ్చకుండా వదిలేశారు. పెద్దావిడని చేయి పట్టుకుని దాటించడానికి ప్రతిరోజూ టెన్షనే. నడిచేవాళ్లు కట్టే పన్ను కూడా పన్నే కదా. ఫిర్యాదులు పెట్టాక చివరికి పూడ్చారు. కార్తీకమాసంలో ఇంకో బాధ. ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పుణ్యమే, మేమూ ఏటా చేస్తాం. కానీ ఆదివారం సాయంత్రానికి పార్కంతా థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. అడ్డాకులు తెచ్చుకుంటే ఏం పోతుంది? మర్నాడు పొద్దున ఆవులు ఆ ప్లేట్లు నములుతుంటే చూడలేం.

విశాఖ వాతావరణం మాట కూడా చెప్పాలి. మే నెలలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధ పెడుతుంది. ఆ రోజుల్లో ఐదున్నరకే వెలుగొస్తుంది కాబట్టి అప్పుడే బయల్దేరి ఆరున్నరకి ఇంట్లో ఉండేలా చూసుకోండి. నీళ్ల సీసాలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలుపుకుంటే నీరసం రాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఉప్పు గురించి డాక్టర్ని అడగాలి.

మొదటిసారి వచ్చేవాళ్లు డిసెంబరులోనో జనవరిలోనో, ఆదివారం కాకుండా, ముడసర్లోవతో మొదలుపెట్టండి. వారం పది రోజులు అలవాటయ్యాక కంబాలకొండ చెరువు దాకా వెళ్లండి. కాలువ గట్టుకి మాత్రం ఆ ఊరి మనిషి ఒకరు వెంట ఉంటేనే వెళ్లండి, ఎక్కడ నీళ్లు లోతో, ఎక్కడ గట్టు మెత్తగా ఉందో వాళ్లకే తెలుసు.