చలికాలపు బండిగా వీ-స్ట్రామ్ 650, ట్రాన్సాల్ప్ 650

బ్రిటన్‌లో మంచు గడ్డకట్టకుండా చలికాలమంతా రోడ్లపై ఉప్పు చల్లుతారు కనుక, మంచి బైకును ఇంట్లో భద్రపరచి, ఆ ఉప్పునీటిలో తిప్పడానికి పాత అడ్వెంచర్ బైకును (దూరప్రయాణాలకూ గతుకుల దారులకూ పనికొచ్చే ఎత్తైన బండిని) చవకగా కొనేవారు ఉంటారు. అందుకు తగినవి రెండు: 2004లో వచ్చిన సుజుకి వీ-స్ట్రామ్ 650, అంతకు కొన్నేళ్ల ముందే వచ్చిన హోండా ట్రాన్సాల్ప్ 650. రెండూ వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్ల) ఇంజన్లే, రెండూ మొండివే.

అసలు తేడా చక్రాలలో ఉంది. ట్రాన్సాల్ప్‌కు ముందున్న 21 అంగుళాల స్పోకుల చక్రం గుంతలను తేలిగ్గా దాటిస్తుంది గానీ, ఉప్పుకు స్పోకులు తుప్పుపడతాయి. పైగా ట్యూబు టైరు కావడంతో రాత్రివేళ వానలో పంక్చరైతే చక్రం విప్పక తప్పదు. వీ-స్ట్రామ్‌కు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు, 22 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. 2007 తర్వాతి బండ్లలో కొన్నింటికి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జామ్ కాకుండా ఆపే ఏర్పాటు) కూడా దొరుకుతుంది, తడిరోడ్డుపై దాని విలువ చెప్పనక్కరలేదు. అయితే ముందు చక్రం విసిరే బురదంతా వీ-స్ట్రామ్ ఎగ్జాస్ట్ గొట్టాలపైనే పడుతుంది కనుక, తుప్పు పట్టాయేమోనని వాటిని వంగి చూడాలి.

ట్రాన్సాల్ప్‌ది కార్బ్యురేటర్, వీ-స్ట్రామ్‌ది ఫ్యూయల్ ఇంజెక్షన్. లండన్ వాసులకు ఇది డబ్బుతో ముడిపడిన సంగతి: పాత కార్బ్యురేటర్ బైకులు తరచూ అందుకోలేని యూరో 3 అనే యూరప్ పొగ కాలుష్య ప్రమాణం అందుకోని బైకుకు, అక్కడ నడిపిన రోజుకు 12.50 పౌండ్ల రుసుము ఉంది.

నా ఓటు వీ-స్ట్రామ్‌కే. ఏది కొన్నా, నంబరు ప్లేటు ఆధారంగా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా కనిపించే ఎంఓటీ (బ్రిటన్‌లో వాహనాలకు ఏటా చేసే భద్రతా పరీక్ష) తనిఖీల చరిత్రలో తుప్పు ప్రస్తావనలను ముందుగా చదవాలి.