ఒకే అంతస్తు, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు: వీలాన్ మేలా, విడి స్విచ్‌లు మేలా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒకే అంతస్తును పంచుకునే ఆడిటర్ కార్యాలయం, ట్రావెల్స్ సంస్థ చెరొక ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని, రెండు రౌటర్లనూ కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే ఒకే మామూలు స్విచ్‌కు తగిలించాయనుకుందాం. అప్పుడు ఏ రౌటర్ ముందుగా ఐపీ చిరునామా ఇస్తే కంప్యూటర్ సాధారణంగా ఆ దారినే పోతుంది. ఆడిటర్ గారి ప్రింటర్ ట్రావెల్స్ వారి తెరపై కనిపిస్తుంది. దీనికి మార్గాలు రెండు: ఎవరి స్విచ్ వారు విడిగా పెట్టుకోవడం, లేదా ఒకే స్విచ్‌ను సెట్టింగులతో రెండు వేరువేరు నెట్‌వర్క్‌లుగా విడదీసే వీలాన్ (VLAN).

ఖర్చు: విడి స్విచ్‌లు చవకైనవే సరిపోతాయి గానీ, కేబుళ్లు కలగాపులగంగా ఉంటే మళ్లీ లాగించే కూలి సామాను ధరను మించవచ్చు. వీలాన్‌కు సెట్టింగులు మార్చుకునే వీలున్న మేనేజ్డ్ స్విచ్ కొనాలి; కేబుళ్లు ఉన్నవే చాలు.

శ్రమ: విడి స్విచ్‌కు తగిలిస్తే పని అయిపోతుంది. వీలాన్‌లో మాత్రం 1 నుంచి 12 వరకు పోర్టులు ఒకరికి, 13 నుంచి 24 వరకు మరొకరికి అని విభజించి, ఎవరి రౌటర్‌ను వారి భాగంలోనే పెట్టాలి. ఆ పట్టికను ర్యాక్ తలుపు లోపల అంటించకపోతే, తర్వాత వచ్చే టెక్నీషియన్ ఖాళీగా కనబడిన పోర్టులో ఏదో ఒకటి గుచ్చేస్తాడు.

ప్రమాదం: ఉమ్మడి స్విచ్ ఆగితే ఇద్దరి పనీ ఆగుతుంది. అంతకన్నా చిక్కు ఆ స్విచ్ సెట్టింగుల పాస్‌వర్డ్‌ది: అది ఎవరి చేతిలో ఉంటే వారు రెండో సంస్థ హద్దును చెరపగలరు. నా దృష్టిలో అసలు పేచీ ఇక్కడే.

అద్దె భవనంలో గోడలు తొలిచే వీలు లేక, స్విచ్‌ను ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి చూసుకుంటే వీలాన్ తీసుకోవచ్చు. ఖాతాదారుల పన్ను పత్రాలు దాచే కార్యాలయమైతే, కేబుళ్లు కొత్తగా లాగించే అవకాశం ఉన్నప్పుడు విడి స్విచ్‌లే తగినవి.