పదిహేనేళ్లుగా రెండు పేపర్లు వేయించుకుంటున్న అంగడి నుంచి

అనంతపురం జిల్లాలో మాది కిరాణా అంగడి. పదిహేనేళ్లుగా రెండు తెలుగు పేపర్లు వేయించుకుంటున్నాను. పేర్లు రాయను. ఒకటి ఒక పార్టీని మోస్తే రెండోది ఎదుటి పార్టీని మోస్తుంది. కాగితం, అచ్చు, ఆదివారం పుస్తకం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నా కడుపు మంటంతా రెండు ఫొటోల మీద.

మా చెరువుకు హంద్రీనీవా ఎత్తిపోతల కాలువ నీళ్లు వదిలిన రోజది. శ్రీశైలం వెనక నీళ్లను మల్యాల దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎత్తిపోస్తే గాని మా వైపు చుక్క రాదు. అట్లాంటి నీళ్లు వస్తున్నాయని తెల్లవారేసరికి ఊరంతా కట్ట మీదికి చేరింది. రెండు పేపర్ల విలేకరులూ ఒకే బండి మీద వచ్చారు. చెరువులో నీళ్లు పడ్డాయి, ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి హారతి ఇచ్చారు. అది నిజం. తూము షట్టరు తుప్పు పట్టి బిగుసుకుపోయి కింది మడులకు నీళ్లు పారలేదు. అదీ నిజమే.

మరుసటి రోజు రెండు పేపర్లూ గల్లాపెట్టె మీద పక్కపక్కన పరిచాను. ఒకదాంట్లో హారతి పళ్లెం, వెనక నిండుగా నీళ్లు. ఇంకోదాంట్లో నెర్రెలిచ్చిన మడి, తల పట్టుకున్న రైతు. రెండు ఫొటోల అంచులోనూ మా కట్ట మీది వేపకొమ్మే కనపడుతోంది, ఒకదాంట్లో కుడి పక్క, ఇంకోదాంట్లో ఎడమ పక్క. హారతి వేసినవాళ్లు తూము ఊసెత్తలేదు. మడి వేసినవాళ్లు నీళ్లొచ్చిన సంగతే రాయలేదు. షట్టరు ఎవరు బాగుచేయాలి, ఎప్పుడు చేస్తారు అన్న ముక్క రెండింటిలోనూ లేదు. చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతున్న పెద్దాయన ఒకాయన రెండూ చదివించుకొని, "ఇంతకీ తూము ఎప్పుడు తెరుస్తారంటప్పా?" అని అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. పదిరోజులు చూసి ఊళ్లోవాళ్లే చందాలేసుకొని షట్టరు బాగు చేయించారు.

విలేకరుల మీద నాకు కోపం లేదు. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతమే ఉండదు, యాడ్లు తెచ్చిపెట్టే భారం మాత్రం ఉంటుంది. పైవాళ్లకు ఏ ఫొటో కావాలో తెలిసినవాడు అదే పంపుతాడు. యాజమాన్యానికి ఒక పార్టీ ఉండటం కూడా తప్పనను. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. ఆ సంగతి తెలిసే చదువుతాం. మా అనంతపురంలోనే 1926లో శ్రీసాధన పత్రిక పెట్టిన పప్పూరు రామాచార్యులు కాంగ్రెస్ మనిషి. పక్షం ఉన్నా పర్వాలేదు, కళ్లెదుట జరిగినదాంట్లో సగం కోసేస్తేనే ఓర్చుకోలేను.

ఈ పేపర్లలో నాకు బాగా నచ్చినది ఏటా మార్చి మొదట్లో చిన్న అక్షరాల్లో వస్తూ వచ్చిన ఫారం-4 ప్రకటన. ప్రచురణకర్త ఎవరు, సంపాదకుడు ఎవరు, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఎవరిదో అందులో చెప్పాల్సి ఉండేది. 1956 నాటి కేంద్ర నిబంధనలతో వచ్చిన పద్ధతి అది, 2024లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. కనపడినప్పుడల్లా కత్తిరించి లెక్కల పుస్తకంలో అంటించేవాణ్ణి. కాకపోతే వాటాదారుల వరసలో మనిషి పేరుకు బదులు ఇంకో కంపెనీ పేరు ఉంటే, దాని వెనక ఎవరున్నారో కనుక్కోవడం నా వల్ల కాదు.

మొదట్లో జిల్లా పేజీల కోసమే పేపరు మొదలుపెట్టాను. యార్డులో చీనీ ధర, కరెంటు కోతల వేళలు వాటిలోనే చూసేవాణ్ణి. ఇప్పుడూ చూస్తాను గానీ నాయకుల పుట్టినరోజు ప్రకటనలు దాటుకొని వెతకాలి.

మీరు వేయించుకోవాలా అంటే, మా అంగడి మాదిరి పదిమంది కూర్చొని చదివేచోట రెండూ ఉండాలి. ఒక్క పేపరుకే డబ్బు పెట్టగల ఇంటికి ఏది మేలో నేను చెప్పలేను. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో చదువుకోమంటాడు. మా నాయన మాత్రం రెండూ చేతిలోకి తీసుకొని, ముందు జిల్లా పేజీ తీసి మా ఊరి పేరు వెతుక్కుంటాడు. అందుకని వచ్చే నెలకూ రెండింటికీ డబ్బు కట్టేశాను.