ఆటోనగర్ షెడ్డులో ఎనిమిదేళ్ల ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు, గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే మా షెడ్డులో 2017 దాకా బరువులన్నీ చేతి చైన్ కప్పీతోనే ఎత్తేవాళ్లము. ఆ ఏడాది ఒక టన్ను ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్ కొన్నాము. 2022లో రెండోది కొనవలసి వచ్చింది. మొదటిదాని తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే జరిగిన తప్పులో యంత్రం వాటా కంటే మా ఎంపిక వాటాయే ఎక్కువ.

కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది ఎన్ని టన్నులని. మేమూ అదే అడిగాము. ఆరు సిలిండర్ల లారీ ఇంజన్ సుమారు అర టన్ను తూగుతుంది కాబట్టి ఆ లెక్క సరిపోయింది. అదే టన్నులో డీలరు రెండు రకాలు చూపించాడు: అర టన్ను యంత్రానికే కింద కప్పీ తగిలించి గొలుసును రెండు వరుసలుగా దించినది ఒకటి, ఒకే వరుస గొలుసుతో మొత్తం బరువు మోసేది మరొకటి. మొదటిది చవక. అయితే దానిలో ఎత్తే వేగం సగానికి పడిపోతుంది, పైగా కింది కప్పీ ఎప్పుడైనా తిరగబడి రెండు వరుసల మధ్య దూరిందంటే గొలుసు మెలిపడుతుంది. చూసుకోకుండా బరువెత్తితే లింకులు దెబ్బతింటాయి. ఒకే వరుసది తీసుకున్నాము, ఆ విషయంలో ఇప్పటికీ చింత లేదు.

పొరపాటు డ్యూటీ దగ్గర, అంటే యంత్రం ఎంతసేపు, ఎన్నిసార్లు నడవవచ్చన్న లెక్క దగ్గర జరిగింది. మా యంత్రం ఎం5 తరగతిది, అంటే నడిచే సమయం 40 శాతం దాటకూడదు, స్టార్టులు గంటకు 240 మించకూడదు. ఇంజన్‌ను మూడు మీటర్లు లేపడానికి అర నిమిషం చాలు, రోజుకు పదిసార్లు ఎత్తితే ఎక్కువ, ఇక ఆ అంకెలతో మనకేం పని అనుకున్నాము. గేర్‌బాక్సును ఇంజన్‌కు కలిపేటప్పుడు అసలు సంగతి తెలిసింది. గేర్‌బాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి సూటిగా దూరాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా దూరదు. ఒకే వేగమున్న హాయిస్ట్‌లో బటన్ తాకి వదిలినా హుక్కు దాదాపు అంగుళం కదిలిపోతుంది కాబట్టి మేస్త్రి పైకి, కిందికి, మళ్లీ పైకి అంటూ తాకుతూనే ఉంటాడు. ఒకరోజు పక్కన కుర్చీ వేసుకుని లెక్కపెట్టాను: పావుగంటలో 70కి పైగా నొక్కాడు. ప్రతి స్టార్టుకూ మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, మోటారుకు కరెంటు కలిపి తెంచే స్విచ్ అయిన కాంటాక్టర్ పాయింట్ల దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్రేకు విడిచి మళ్లీ పట్టుకుంటుంది. మూడో ఏడు పాయింట్లు కాలిపోయాయి, ఐదో ఏడు బ్రేకు లైనరు అరిగిపోయింది. "దీనికంటే మన చేతి కప్పీయే నయమండీ" అని మేస్త్రి అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. చేతి గొలుసుతో మిల్లీమీటరు చొప్పున దించవచ్చు మరి.

అందుకే రెండోది రెండు వేగాలది తీసుకున్నాము. బటన్ సగం నొక్కితే నిమిషానికి 2 మీటర్లు, పూర్తిగా నొక్కితే 8 మీటర్లు. మాకు మూడో వంతు ధర ఎక్కువ పడింది, కానీ అదే గేర్‌బాక్సు ఇప్పుడు పది పన్నెండు నొక్కులతో కూర్చుంటోంది.

కరెంటు గురించి కూడా చెప్పాలి. ఒక ఉదయం పైకి బటన్ నొక్కితే హుక్కు కిందికి దిగింది. ముందురోజు వీధి లైనులో మరమ్మతు జరిగి రెండు ఫేజులు తారుమారయ్యాయి. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. హుక్కు పైన చివరికి చేరగానే పనిచేసే పై లిమిట్ స్విచ్ ఆపేది పైకి నడిపే కాంటాక్టర్‌ను మాత్రమే; ఫేజులు మారితే హుక్కు కిందికి బటన్ మీద పైకి లేస్తుంది, ఆ స్విచ్ దాన్ని ఆపదు, హుక్కు వెళ్లి యంత్రానికే కొట్టుకుంటుంది. అప్పుడు హాయిస్ట్ లోపల, భారం మించితే జారిపోయే క్లచ్ ఒక్కటే దిక్కు. ఆ వారమే, ఫేజులు తారుమారైతే యంత్రాన్ని నడవనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టించాము, రోజూ బరువు లేకుండా ఒకసారి పైకి కిందికి నడిపి చూశాకే పని మొదలుపెడుతున్నాము. ఇక మే నెలలో మా రేకుల కింద వేడి సంగతి తెలిసిందే. మోటారు రేటింగులు సాధారణంగా 40 డిగ్రీల పరిసర వేడికి ఇస్తారు కాబట్టి ఆ నెలలో మధ్యాహ్నం వరుస పనులు పెట్టుకోము.

గొలుసును కంటితో చూసి బాగుందనడం చాలదు. మా మొదటి యంత్రానిది 7.1 మిల్లీమీటర్ల కడ్డీ, 21 మిల్లీమీటర్ల పిచ్, అంటే ఒక్కో లింకు లోపలి పొడవు. కొత్తలో పదకొండు లింకుల పొడవు 231 మిల్లీమీటర్లు. సాగుదల 2 శాతం దాటితే మార్చాలని యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, అంటే 235.6 దగ్గర గొలుసు పని అయిపోయినట్టే. కొలవవలసింది ఎక్కువగా తిరిగే భాగాన్ని. మా షెడ్డులో అది హుక్కు నుంచి రెండో మీటరు. ఆరో ఏడు అక్కడ 235 వచ్చింది, ఇక ఆగకుండా మార్చేశాము. నూనె పూయకుండా నడిపిన మొదటి రెండేళ్లే దాన్ని ఎక్కువ తినేశాయని నా అనుమానం.

క్యాబిన్ కింద ఇరుక్కున్న ఇంజన్‌ను ఏటవాలుగా లాగబోయి, గొలుసును యంత్రంలోకి సూటిగా నడిపే గైడు ఒకసారి విరగ్గొట్టాము. ఆ చిన్న ముక్క కోసం మూడు వారాలు ఎదురుచూశాము. రేపు పంపుతామన్న మాట మాత్రం డీలరు దగ్గర రోజూ దొరికేది. రెండోది కొనేముందు గైడు, బ్రేకు లైనరు, కాంటాక్టర్ ఊళ్లో స్టాకు ఉన్నాయా అని అడిగి, కళ్లతో చూసి, అప్పుడే అడ్వాన్సు ఇచ్చాను.

పాత హాయిస్ట్‌ను అమ్మలేదు. ఇంజన్ బ్లాకులు కడిగే తొట్టి మీద బీముకు వేలాడదీశాము. అక్కడ ముంచడానికి ఒక నొక్కు, తీయడానికి ఒక నొక్కు, అంతే.