రక్షణ శాఖను లెక్క అడగాలంటే: సభలో ప్రశ్నా, స్థాయీ సంఘమా, పీఏసీనా?

మాజీ సైనికులు, సైన్యంలో కొడుకో అల్లుడో ఉన్నవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే. "మా ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న వేయిస్తే ఏమైనా కదులుతుందా?" ఒకప్పుడు తడుముకోకుండా "వేయించండి" అనేవాణ్ని. కొన్నేళ్లుగా సమాధానాలూ కమిటీ నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక ఆ మాట అంత తేలిగ్గా రావడం లేదు.

ముందే ఒక సంగతి. ఒక్క మనిషి పెన్షన్ ఆగిందనో, ఒక్కరి డిసెబిలిటీ శాతం తగ్గించారనో అయితే పార్లమెంటు దారి పట్టకండి. దానికి రికార్డ్ ఆఫీసు, పెన్షన్ అదాలత్, చివరికి సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుకునేది అందరికీ తగిలే విషయాల గురించి. డబ్బు ఎటు పోతోంది, ఖాళీలు ఎందుకు నిండడం లేదు, జవాను ఇంటికి చేరాల్సింది చేరుతోందా లేదా అన్నవి.

"బడ్జెట్ మీద సభలో చర్చ జరుగుతుంది కదా, అది చాలదా?" అని కొందరు అడుగుతారు. 2025-26లో రక్షణకు ఇచ్చింది సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో పెన్షన్లకే 1.60 లక్షల కోట్లు దాటింది. ఏటా ఏవో నాలుగైదు శాఖల పద్దులే చర్చకు నోచుకుంటాయి, మిగతావన్నీ గిలటిన్ పేరుతో కట్టగట్టి ఓటుకు పెడతారు. 2018 మార్చి 14న అయితే ఒక్క శాఖ పద్దు మీద కూడా చర్చ లేకుండానే అన్నీ లోక్‌సభలో పాసైపోయాయి. కాబట్టి ఈ దారిని పక్కన పెట్టేద్దాం.

ఇక ప్రశ్న. దీని బలం వేగం. పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు, సమాధానం అధికారికంగా రికార్డులోకి వస్తుంది. ఖర్చు లేదు, ఏ పార్టీ ఎంపీ అయినా అడగొచ్చు. సైన్యంలో ఖాళీల లెక్క మనకు తెలిసిందే ఇలా. 2023 మార్చిలో రాజ్యసభలో ఇచ్చిన జవాబు ప్రకారం మూడు దళాల్లో కలిపి కొరత సుమారు 1.55 లక్షలు, అందులో ఆర్మీదే 1.36 లక్షల దాకా. ఆ ఒక్క జవాబు పత్రికల్లో ఎన్ని రోజులు తిరిగిందో గుర్తుండే ఉంటుంది.

కానీ ఆ జవాబు దగ్గరే ఆగి చూడండి. ఎంత కొరతో చెప్పారు. ఎందుకొచ్చింది, ఎప్పటికి తీరుతుంది అంటే "చర్యలు తీసుకుంటున్నాం, ప్రచారం చేస్తున్నాం" అనే నాలుగు వాక్యాలు. అది రాత జవాబు కాబట్టి అక్కడ ఇంకో మాట అడిగే అవకాశం ఎవరికీ లేదు. లోక్‌సభలో రోజుకు నోటి జవాబు దక్కేవి ఇరవై స్టార్డ్ ప్రశ్నలు, రాతపూర్వక జవాబుతో సరిపెట్టుకునేవి 230. ఏ నోటీసుకు నక్షత్రం గుర్తు దక్కుతుందో తేల్చేది లాటరీ. ఆ ఇరవైలో కూడా గంట గడిచేలోపు సభలో లేచి మాట్లాడే వంతు వచ్చేవి అయిదారు, సభ సజావుగా నడిచిన రోజుల సంగతి అది. మిగతావి టేబుల్ మీద కాగితాలుగా మిగిలిపోతాయి. రక్షణ శాఖకు వారంలో కేటాయించిన ఆ ఒక్క రోజు సభ వాయిదా పడితే ఆ వారానికి అంతే. 2020 వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు, రాత జవాబులు మాత్రమే మిగిలాయి.

పైగా రక్షణ శాఖ చేతిలో చాలా శాఖలకు లేని కవచం ఒకటుంది. "దేశ భద్రత దృష్ట్యా వివరాలు వెల్లడించడం కుదరదు." ఈ వాక్యం కొన్నిసార్లు నిజంగా అవసరమే, కాదనను. కొన్నిసార్లు మాత్రం చలిబూట్లు ఎందుకు రాలేదన్నా అదే జవాబు వచ్చేలా ఉంటుంది.

అందుకే నా కొలబద్ద ఒక్కటే. రెండో ప్రశ్న ఎవరు అడగగలరు? మొదటి ప్రశ్నకు ఏ శాఖైనా జవాబు తయారుచేసుకుని వస్తుంది. ఆ జవాబు విన్నాక "అయితే మరి..." అని మొదలయ్యే ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ రెండో ప్రశ్నకు చోటున్నది స్థాయీ సంఘంలో, అంటే శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీలో. 1993లో మొదలైన ఏర్పాటు ఇది. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, మంత్రులు ఉండకూడదు. బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో రక్షణ శాఖ పద్దులు ఈ సంఘం ముందుకు వస్తాయి. రక్షణ కార్యదర్శి, దళాల వైస్ చీఫ్‌లు ఎదురుగా కూర్చుంటారు. కెమెరాలుండవు. కెమెరాలు లేకపోవడం లోపమని చాలామంది అంటారు. నాకు మాత్రం అదే దీని ప్రాణం అనిపిస్తుంది. పార్టీ కోసం అరవాల్సిన పని ఎంపీకి ఉండదు, నిజం చెబితే రేపు టీవీలో వస్తుందన్న టెన్షన్ అధికారికీ ఉండదు.

2018 మార్చిలో బయటికొచ్చిన నివేదిక చూడండి. అప్పటి ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ సంఘం ముందు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతకాలపువి, 24 శాతం ప్రస్తుత తరానివి, అత్యాధునికమైనవి 8 శాతమే. ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు, అప్పటికే చేసుకున్న ఒప్పందాలు వగైరాలకు కట్టాల్సిందే 29,033 కోట్లు. అంటే కొత్తది కొనడం అటుంచి పాత బాకీలకే చాలదు. ఈ బడ్జెట్ మా ఆశల మీద నీళ్లు చల్లిందన్న అర్థంలో ఒక సర్వింగ్ జనరల్ మాట్లాడటం సభలో మీరు ఎప్పుడైనా విన్నారా? వినరు, ఎందుకంటే సభలో ఆయనకు చోటే లేదు. సభలో మాట్లాడేది మంత్రి. సంఘం ముందుకు వచ్చేది ఆ పని చేస్తున్న మనిషి.

అప్పుడు సంఘానికి అధ్యక్షుడు మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ, అధికార పార్టీ ఎంపీయే. ఆ ఏడాది సెప్టెంబరులో సంఘాన్ని మళ్లీ ఏర్పాటు చేసినప్పుడు ఆయన స్థానంలో కల్‌రాజ్ మిశ్రా వచ్చారు. దీన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. సంఘం బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఏటా కొత్తగా ఏర్పాటు చేయడమన్న పద్ధతిలో సభ్యుడు విషయం ఒంటబట్టించుకునే సరికి కాలం అయిపోతుంది. సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలన్న నిబంధన కూడా లేదు.

అయినా ఖాళీల విషయంలోనే పోల్చి చూడండి. 2025 మార్చి నివేదికలో ఆర్మీ అధికారుల కొరత 16.71 శాతమని తేలింది. వైద్య, దంత, నర్సింగ్ విభాగాలు కాక ఉండాల్సింది 50,538 మంది, 2024 జులై నాటికి ఉన్నది 42,095. సంఖ్యతో సంఘం ఊరుకోలేదు, కారణం కూడా రాబట్టింది. కోవిడ్ కాలంలో తక్కువమందిని తీసుకోవడం, షార్ట్ సర్వీస్ లాంటి దారుల్లో వచ్చేవాళ్లు తగ్గడం. ఈ రెండో ముక్క తెలిస్తే తర్వాత అడగాల్సింది తెలుస్తుంది. షార్ట్ సర్వీస్ మీద కుర్రాళ్లకు మోజు ఎందుకు తగ్గింది, పదేళ్ల తర్వాత బయటికొస్తే వాళ్ల గతేమిటి?

సంక్షేమం సంగతి. సైనికులను తీసుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత కొనసాగేది 25 శాతం వరకే. ఆ పథకం కింద చేరి విధుల్లో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి మామూలు సైనికుడి కుటుంబంతో సమానంగా ఎందుకు ఇవ్వరన్న గొడవ సభలో చాలాసార్లు లేచింది, చాలాసార్లు గొడవగానే ముగిసింది. 2024 ఫిబ్రవరిలో స్థాయీ సంఘం మాత్రం సూటిగా రాసింది: ఆ కుటుంబాలకూ రెగ్యులర్ సైనికుల కుటుంబాలకు అందే ప్రయోజనాలే అందాలి. ఎక్స్‌గ్రేషియా ఒక్కో కేటగిరీలో పది లక్షలు పెంచమని కూడా అడిగింది. అప్పటి సంఘానికి అధ్యక్షుడూ అధికార పక్షం మనిషే, జువల్ ఓరం. సభలో ఆ పార్టీ బెంచీల నుంచి ఇదే మాట వచ్చి ఉండేదా అంటే నాకు నమ్మకం లేదు.

నివేదిక వచ్చాక చాలామంది దాన్ని మర్చిపోతారు. చదవాల్సింది ఆ తర్వాత వచ్చే యాక్షన్ టేకెన్ రిపోర్టు. మూడు నెలల్లో ప్రభుత్వం ప్రతి సిఫార్సుకూ జవాబివ్వాలి, ఆ జవాబులను సంఘం అధ్యాయాలుగా విడగొడుతుంది. రెండో అధ్యాయంలో ప్రభుత్వం ఒప్పుకున్నవి, మూడులో సంఘమే వదిలేసుకున్నవి, నాలుగులో సంఘానికి నచ్చని జవాబులు, అయిదులో ఇంకా తేలనివి. తిన్నగా నాలుగో అధ్యాయానికి వెళ్లండి. శాఖ ఎక్కడ మాట దాటవేసిందో దొరికేది అక్కడే. రెండో ప్రశ్న అచ్చులో కనిపించేది కూడా అక్కడే.

పీఏసీ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ) సంగతికొస్తే, పేరు పెద్దది, పళ్లూ పదునైనవే. 22 మంది సభ్యులు, 1967 నుంచి అధ్యక్ష పదవి ప్రతిపక్షానిది. వెనక కాగ్ (ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే సంస్థ) ఆడిటర్లు ఫైళ్లు తిరగేసి తెచ్చిన సరుకు ఉంటుంది. మందుగుండు మీద 2015లో కాగ్ ఇచ్చిన నివేదికను మించిన పరిశీలన ఏ ప్రశ్నతోనూ రాలేదు. 170 రకాల్లో 85 రకాల నిల్వలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని తేల్చింది. 2017లో మళ్లీ చూస్తే 152 రకాల్లో 61 ఇంకా ఆ స్థితిలోనే ఉన్నాయి. సియాచిన్ లాంటి చోట్ల ఉండే జవాన్ల దుస్తులు, రేషన్ మీద 2020 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన నివేదికా అలాంటిదే. మంచు కళ్లద్దాల కొరత, పాత మోడల్ స్లీపింగ్ బ్యాగులు, 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా ఇవ్వని బూట్లు.

తేదీలు ఇంకోసారి చూడండి. బూట్లు లేకుండా గడిపిన జవాను గురించి పార్లమెంటుకు తెలిసింది మూడేళ్ల పైచిలుకు తర్వాత. ఆ తర్వాతే పీఏసీ దాన్ని చేతిలోకి తీసుకునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండో ప్రశ్న అడుగుతారు, బాగానే అడుగుతారు, కానీ జవాబు చెప్పే కుర్చీలో అప్పటికి వేరే కార్యదర్శి ఉంటాడు. గోప్యత కవచం ఇక్కడా ఉంది. 2019 ఫిబ్రవరిలో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు మీద వచ్చిన కాగ్ నివేదికలో ధరల అంకెలు నల్లగా కొట్టేసి ఉన్నాయి.

మిగిలినవి క్లుప్తంగా. జీరో అవర్‌లో లేవనెత్తితే ఎంపీ గారి ఫేస్‌బుక్‌కు వీడియో దొరుకుతుంది. జేపీసీ (సంయుక్త పార్లమెంటరీ కమిటీ) అంటే బోఫోర్స్ ఫిరంగుల కుంభకోణం గుర్తు చేసుకోండి, ప్రతిపక్షం దానిలో కూర్చోనే లేదు. హామీల కమిటీ పనికొస్తుంది, కానీ మంత్రి సభలో హామీ అంటూ ఇచ్చి ఉండాలి. పిటిషన్ల కమిటీని ఎవరూ పట్టించుకోరు. చిత్రమేమిటంటే, వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే హోదా, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్) అంటే ఏమిటో పార్లమెంటు పక్షాన స్పష్టంగా నిర్వచించి, ఇవ్వాల్సిందేనని 2011 డిసెంబరులో రాసింది రాజ్యసభ పిటిషన్ల కమిటీయే, భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన. 2015లో ఉత్తర్వులు వచ్చేదాకా మాజీ సైనికులు చేతిలో పట్టుకు తిరిగింది ఆ నివేదికనే. అలాంటిది మళ్లీ మళ్లీ జరగదు కాబట్టి దాని మీద ఆశలు పెట్టుకోమని చెప్పను.

ఎవరైనా ఇప్పుడు నన్ను అడిగితే ఇలా చెబుతున్నాను. మీకు కావలసింది ఒక అంకె అయితే ప్రశ్న వేయించండి, అదీ రాత జవాబుకే, నక్షత్రం గుర్తు జోలికి పోవద్దు. జరిగిపోయిన దుబారా నిగ్గు తేలాలంటే కాగ్ నివేదిక కోసం ఓపిక పట్టండి. ఖాళీలు, క్వార్టర్లు, వైద్యం, కుటుంబ సాయం లాంటివి మారాలంటే మాత్రం మీ ఎంపీని వదిలేసి, రక్షణ స్థాయీ సంఘంలో ఉన్న ఎంపీని పట్టుకోండి. మీ నియోజకవర్గం కాకపోయినా ఫర్వాలేదు, పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుల పేర్లు ఉంటాయి. ఆయనకు వినతిపత్రం కాదు, ఒక్క పేజీలో ప్రశ్నలు ఇవ్వండి. ఒక్కో ప్రశ్న కింద, శాఖ ఏం జవాబు చెప్పవచ్చో, దానికి తిరిగి ఏం అడగాలో కూడా రాయండి. బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది, విరామం ఆ నెల మధ్యలో మొదలవుతుంది. ఆ కాగితం జనవరిలోనే ఆయన చేతిలో ఉండాలి.