పాత కారు ఐడిల్ ఊగుతుంటే: పార్టులు మార్చడమా, స్కానర్ పెట్టడమా, పైపులు పట్టి చూడటమా?

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతూ) ఉన్నప్పుడల్లా నా కారు ఆర్‌పీఎం ముల్లు ఊగేది. 600 దగ్గర ఇంజిన్ ఆగిపోతుందేమో అన్నట్టు పడిపోయి, అంతలోనే 1300కి లేచి, మళ్లీ పడేది. ఏసీ వేస్తే నిజంగానే ఆగిపోయేది. 2006 మోడల్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చల్లే రకం. మే నెల ఎండలో, వెనక సీట్లో అమ్మను కూర్చోబెట్టుకుని ఉన్నప్పుడు బండి నడిరోడ్డు మీద ఆగితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో పాత కారు నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

దీనికి మన దగ్గర ఎక్కువగా మూడు దారులు నడుస్తాయి. అనుమానం ఉన్న పార్టు మార్చి చూడటం, స్కానర్ పెట్టించడం, బానెట్ ఎత్తి చేత్తో పట్టి వెతకడం. నేను ఈ మూడూ ఇదే వరుసలో చేశాను. సరైన వరుస దీనికి దాదాపు తలకిందులు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మార్చి చూడటం సంగతి. ప్లగ్గులు మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, తర్వాత ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్, చివరికి పెట్రోల్ పంపు. ముల్లు ఊగుతూనే ఉంది. ఇందులో ఎయిర్ ఫిల్టర్ ఖర్చు వృథా కాదు. తాడిపత్రి వైపు రోజూ తిరిగే బండికి అక్కడి బండల ఫ్యాక్టరీల దుమ్ములో ఫిల్టర్ ఎలాగూ త్వరగా మూసుకుపోతుంది. కాయిల్, పంపు మాత్రం అనవసరంగా కొన్నవి. కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే చాలు: ఇంజిన్ వణుకుతోందా, ఊగుతోందా?

ఈ రెండూ ఒకటి కావు. ఆర్‌పీఎం దాదాపు ఒకే చోట ఉండి, బండి మొత్తం దడదడా అదురుతుంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండటం లేదని అనుమానించాలి. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్ లెక్కలోకి వచ్చేది అప్పుడే. ఆర్‌పీఎం ఒక లయలో పైకీ కిందికీ పోతుంటే మాత్రం ముందు గాలి లెక్క చూడాలి. రావాల్సిన దారిలో కాకుండా ఇంకెక్కడి నుంచో ఇంజిన్‌లోకి గాలి దూరుతూ ఉండొచ్చు. లేదా ఐడిల్‌లో గాలిని నియంత్రించే వాల్వ్ మసి పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. నాది ఊగే జబ్బు. దానికి కాయిల్ మందు కాదు.

ఇంకొక అలవాటు గురించి కూడా చెప్పాలి. మా వీధి చివర షెడ్డులో భాయ్ చాలా మంచి పనివాడు, పాత మారుతి 800ల మీద చెయ్యి తిరిగినవాడు. "ఒక్క స్క్రూ తిప్పితే సరిపోతాది సార్" అన్నాడు. కార్బురేటర్ బండికి ఆ మాట నిజం. ఐడిల్ స్క్రూ, మిక్స్చర్ స్క్రూ అక్కడ సర్దడానికే పెట్టారు. ఎంపీఎఫ్ఐ బండిలో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే రేకు) దగ్గర ఉండే స్టాప్ స్క్రూ అలాంటిది కాదు. దాన్ని ఫ్యాక్టరీలో సెట్ చేసి పంపుతారు. తిప్పితే ఆర్‌పీఎం పెరిగి రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, అసలు లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. పైగా థ్రాటిల్ పూర్తిగా మూసుకుందని ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి) తెలియక కొత్త గొడవ మొదలవుతుంది. ఈ స్క్రూ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

ఇక స్కానర్. మన దేశంలో కార్లకు ఓబీడీ (లోపాన్ని బండే గుర్తించి కోడ్‌గా దాచుకునే ఏర్పాటు) 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండ్లలో సాకెట్ ఉన్నా, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ రీడర్‌తో చాలావాటికి మాట కలవదు. ఆ కంపెనీ బండ్లు చదవగలిగే స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కే పోవాలి. నేను పోయాను. ఒక్క కోడ్ కూడా రాలేదు. "ఏమీ లేదు సార్, బండి బాగుంది" అని పంపించేశారు.

కోడ్ ఎందుకు రాలేదో తర్వాత అర్థమైంది. మన చిన్న కార్లలో చాలావాటికి లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. పైపు చీలి అదనపు గాలి దూరితే ఆ ఒత్తిడి పెరుగుతుంది. గాలి ఎక్కువ వచ్చిందనుకుని ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా ఎక్కువ ఇస్తుంది. గాలి, పెట్రోల్ మిశ్రమం పెద్దగా చెడదు కాబట్టి దాని దృష్టిలో తప్పేమీ లేదు. ఆర్‌పీఎం మాత్రం పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి ఉన్నా ఆర్‌పీఎం ఎక్కువుందని ఈసీయూ పెట్రోల్ ఆపుతుంది. ఆర్‌పీఎం పడుతుంది. ఆగిపోతుందని మళ్లీ పెట్రోల్ ఇస్తుంది. ముల్లు ఊగడమంటే ఇదే. గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండి అయితే కథ వేరు. అక్కడ లెక్కలోకి రాని గాలి వల్ల మిశ్రమం పలచబడి పీ0171 కోడ్ రావచ్చు. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే గాలి లీకు ఉందని దాదాపు నమ్మొచ్చు.

స్కానర్‌ని తీసిపారేయడం లేదు. వణికే జబ్బుకు అదే మేలు. పీ0301 అని వస్తే ఒకటో సిలిండర్ అని నేరుగా చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే చూస్తే కూలెంట్ ఉష్ణోగ్రత బయటి వేడికి దగ్గరగా ఉండాలి. అది 90 డిగ్రీలు చూపిస్తోందంటే ఆ సెన్సర్ అబద్ధం చెబుతోంది. చేతికి దొరకని ఇలాంటి విషయాలకు స్కానర్ కావాల్సిందే.

చివరికి నా లోపం దొరికింది నోస్ ప్లయర్‌తో. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, మానిఫోల్డ్‌కు వచ్చే వ్యాక్యూమ్ పైపుల్ని ఒక్కొక్కటిగా గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా నొక్కాలి. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపేది), పెట్రోల్ ఆవిరి క్యానిస్టర్ నుంచి వచ్చే పైపు. ఏది నొక్కినప్పుడు ఊగడం ఆగుతుందో లోపం ఆ దారిలో ఉన్నట్టు. నాకు పీసీవీ దగ్గర ఆగింది. పైకి బాగానే ఉన్న రబ్బరు, వంపు దగ్గర అడుగున వేలెడు చీలి ఉంది. కంటికి కనిపించదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. మన ఎండకు, ఇంజిన్ వేడికి పదిహేనేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి చీలడం వింత కాదు. చేనికాడ రేకుల షెడ్డులో బండి పెట్టేవాళ్లయితే ఎలుక కొరుకుళ్లు కూడా చూసుకోవాలి.

కొందరు లీకు కోసం కార్బురేటర్ క్లీనర్ చల్లుతారు. అది వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడితే మంట లేస్తుంది. కరెంటు కనెక్షన్లు తడవకుండా సబ్బు నీళ్లు కొంచెం కొంచెంగా చల్లినా ఐడిల్‌లో తేడా తెలుస్తుంది, నిప్పు భయం ఉండదు.

కాబట్టి నా లెక్క ఇది. 2010కి ముందు ఎంపీఎఫ్ఐ బండి ఊగుతుంటే ముందు పైపులు, తర్వాత థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ శుభ్రం చేయడం. అప్పటికీ తగ్గకపోతే స్కానర్. 2013 తర్వాత బండి అయితే ముందు స్కానరే పెట్టండి, కోడ్ రాలేదని మాత్రం అక్కడితో వదిలేయకండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే దాని రేకును వేలితో నెట్టకూడదు, శుభ్రం చేశాక ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడిల్ మళ్లీ నేర్పించడం) చేయించాలి. పార్టు మార్చడం ఏ బండికైనా పరీక్షలో తేలిన తర్వాతే.

పైపు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పీసీవీకి మామూలు నీళ్ల పైపు ముక్క కోసి వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆయిల్ ఆవిరికి అది మెత్తబడి, లోపలి పీల్పుకు అణిగి అతుక్కుపోతుంది. ఆయిల్‌కు తట్టుకునే రబ్బరుది, అదే వంపుతో వచ్చే పైపు అడగండి. అది వేశాక నా బండి ఏసీ వేసినా ఆగడం లేదు.